గది నన్ను వదిలేదాకా

అధ్యక్షులు డైరెక్టరుగారికి, ఆయన పక్కన వాచీ చూసుకుంటున్న ముఖ్య అతిథిగారికి, పెద్దలకు, మిత్రులకు, ముందు వరసలో చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని ‘ఈసారైనా తెమల్చండి’ అన్నట్టు చూస్తున్న మా ఆవిడకు నమస్కారం.

ఇది నా మూడో వీడ్కోలు సభ. మొదటి సభలో కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళు రెండోదాంట్లో ముక్కు చీదారు, ఇవాళ ఆవలిస్తున్నారు. తప్పు లేదు. జ్ఞాపిక కూడా పాతదే. తేదీ మీద కొత్త తేదీ అతికించారు. (నవ్వులు)

ముఖ్య అతిథిగారు కొత్తవారు కనక సంగతి చెప్పాలి. మా సంస్థది కంటికి కనపడని జీవుల జనాభా లెక్క. నేను చేరిన కొత్తల్లో గాజుపళ్ళెంలో మేత వేసి పిలిచేవాళ్ళం. వచ్చి పెరిగినవాటినే లెక్క రాసేవాళ్ళం. పిలిస్తే పలకనివే ఎక్కువని తర్వాత తెలిసింది. ఇప్పుడు పిడికెడు మన్ను తెచ్చి, అందులోని ప్రాణులన్నిటి డీఎన్‌ఏనీ ఒక్కసారే బయటికి లాగి, ముక్కలు ముక్కలుగా మిషను చేత చదివిస్తారు. ఊరివాళ్ళ ఉత్తరాలన్నీ చింపి ఒకే కుప్ప పోసి, దస్తూరీని బట్టి ఊళ్ళో ఎవరెవరున్నారో చెప్పడం లాంటిదని నాకు నేను చెప్పుకున్నాను; తప్పయితే చదువుకున్నవాళ్ళు మన్నించాలి.

ఆ మిషనుకి మొహమాటం లేదు. మంచుకొండ మీది మంచు తెచ్చినా, మురుగుకాలవ నీళ్ళు తెచ్చినా అందులో నేనుండేవాణ్ణి. నేనంటే నా ఒంటిమీద కాపురముండే సూక్ష్మజీవులు. ఉద్యోగంలో చేరినవాళ్ళందరి చేతుల నుంచీ దూదిపుల్లతో నమూనా తీసి ఉంచుతారు కనక, మిషను ఇట్టే పోల్చేస్తుంది. శాంపిళ్ళ గదిలో మూతలు తీసేది నేనే మరి. అందుకని ప్రతిసారీ ఒక ఖాళీ గొట్టం కూడా పెట్టి, ఆ ఖాళీలో ఏముంటే దాన్ని లెక్కలోంచి తీసేస్తారు. అంటే, ఇక్కణ్ణుంచి అచ్చయిన ప్రతి వ్యాసంలోంచీ నన్ను తీసేశారు. మా బావమరిది ‘నీ పేరెక్కడా లేదేం బావా’ అంటే, ‘నన్ను తీసేస్తేనే అది సైన్సురా’ అన్నాను. (నవ్వులు)

చిక్కెక్కడొచ్చిందంటే, డైరెక్టరుగారు ఒక నియమం పెట్టారు. నా చోట కొత్తాయన కూర్చునే ముందు ఆ గదిలోంచి నేను పూర్తిగా పోవాలి, లేకపోతే ఇద్దరం కలిసిపోయి ఎవర్ని తీసెయ్యాలో తెలీదు. మిషను నేను లేనని చెబితేనే రిలీవింగ్ ఆర్డరు. మొదటిసారి గది కడిగారు. ఉన్నాను. రెండోసారి గోడలకు రంగు వేశారు. తలుపు గొళ్ళెం దగ్గర ఉన్నాను. రెండుసార్లూ సభ కాగానే మళ్ళీ డ్యూటీకి రమ్మన్నారు. “నేను గదిలో కూచుంటే నేనెట్లా పోతానండీ?” అని అడిగితే, “డ్యూటీ డ్యూటీయే బాబాయ్” అన్నాడు మా సూపరింటెండెంటు.

వాళ్ళక్క ఊరు వెళ్ళాలని మా ఆవిడ పెట్టె సర్దడం, విప్పడం. మా వదిన ఫోను చేసి, “ఆయన్ని ఇంకా కడుగుతున్నారా?” అని అడిగిందట. చివరికి డైరెక్టరుగారు నాకు వరండాలో కుర్చీ వేయించి, గది కడిగించి, తాళం వేసి, చెవి తన జేబులో వేసుకున్నారు. ఈసారి పరీక్ష ఫలితం ఇవాళే రావాలి.

మా ఆవిడ వినకుండా ఒక మాట. గొళ్ళెం దగ్గర నేనున్నానని తెలిసిన రోజున బస్సెక్కబుద్ధి కాలేదు, ఉషారుగా నడిచి ఇంటికి పోయాను. కాయితం మీద ఎక్కడా లేనివాణ్ణి, గొళ్ళెమైనా పట్టుకుని వేలాడుతున్నాను కదా అని. ఇవాళ గది నన్ను వదిలేస్తుందేమోనని పొద్దుట్నుంచీ బెంగగానే ఉంది. (ముందు వరసలోంచి: “వినపడుతోంది.”)

అదుగో, మిషను నడిపే మేడం కాయితం పట్టుకుని వస్తున్నారు. ఇక్కడే చెప్పెయ్యండి మేడమ్.

“మీరు లేరు బాబాయ్‌గారూ.”

గొళ్ళెం దగ్గర?

“ఎక్కడా లేరు.”

సరే. మంచిది. మరి మీరు మొహం అలా పెట్టారేం?

“గదిలో మీ పాత కుర్చీలో ఇంకొకరున్నారు. కుర్చీ చేతుల మీద, వీపు ఆనేచోట. రోజూ వచ్చి కూచున్నట్టే ఉంది.”

ఎవరూ?

మేడం వేదిక వైపు చూస్తున్నారు. తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంది. డైరెక్టరుగారు మంచినీళ్ళు తాగుతున్నారు. గ్లాసులో నీళ్ళు లేవు. (చాలాసేపు నవ్వులు)

“ఫైళ్ళు చూసుకుందామని వెళ్ళాను” అంటున్నారు. ఆ గదిలో ఫైళ్ళెక్కడివి సార్? బల్బు కూడా తీసేశారు కదా. (డైరెక్టరుగారు కళ్ళజోడు తుడుచుకున్నారు)

నేను ఇంకో అరగంట మాట్లాడదామని వచ్చాను. ఇప్పుడు అక్కర్లేదు. మీ నియమం ప్రకారం ఇక ఆ గదిలోంచి పోవలసింది మీరు సార్. కడిగించడానికి తొందరపడకండి.

ఇన్నాళ్ళూ నన్ను పొరపాటు లేకుండా తీసేసిన మీ అందరికీ కృతజ్ఞతలు. బాగా తెలిసినవాణ్ణి తప్ప ఎవర్నీ అంత శుభ్రంగా తీసెయ్యలేరు. మా ఆవిడ లేచింది, ఇక నేనూ దిగాలి. గుమ్మం దగ్గర అందరితోనూ చెయ్యి కలిపి వెళతాను. ఒక్కటే కోరిక. ఇవాళ్టికి ఎవరూ చేతులు కడుక్కోకండి.

సెలవు.