అల్లుడి తుపాకీకి మామగారి మరమ్మతు

మా పక్కింటాయన ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. వీధిలో అందరికీ బాబాయే. ఆ ఆదివారం సాయంత్రం వాళ్ళ వరండాలో టీ తాగుతున్నాం. దర్జీ పని చేసుకునే నేనూ, ఎదురింటి వ్యాను డ్రైవరూ, కొత్తగా పెళ్ళయిన బాబాయి అల్లుడూ.

అల్లుడు ఊరికే రాలేదు. అతనికి పెయింట్‌బాల్ ఆటంటే పిచ్చి. గాలి ఒత్తిడితో రంగు గోళీలు కొట్టే తుపాకీలతో రెండు జట్లు ఆడతాయి. ఒంటి మీద రంగు పడిందా, ఔటే. అతని తుపాకీ బ్యాటరీలూ గీటరీలూ లేని పాతరకంది, అంతా స్ప్రింగులూ గాలీనే. ఎక్కడో సన్నగా గాలి పోతోందని నోరు జారితే, "గాలి సంగతి నాకొదిలెయ్యండి" అని బాబాయి పట్టుకొచ్చేశాడు. తెల్లారితే ఫైనల్ మ్యాచ్. పాపం తీసుకెళ్దామని వచ్చి కూచున్నాడు. రెండో టీ కూడా అయింది. తుపాకీ మాత్రం బయటికి రాలేదు.

"ఇస్తానండీ అల్లుడుగారూ, ఎక్కడికి పోతుంది? కానీ దాని సంగతి ముందు చెప్పాలి కదా, పాతదే అనుకుని చెయ్యేస్తే ప్రమాదం. లీకు చూద్దామని విప్పాను. విప్పితే ఏముంది, కంపెనీవాడు పెట్టినవన్నీ నాసిరకం. ఇంటల్లుడి తుపాకీ, మనసొప్పుతుందా? పొడుగు బ్యారెల్ ఒకటి తెచ్చి బిగించి, మేడెక్కి, వీధి చివర స్తంభానికున్న మేకుకి గురిపెట్టాను. తగిలింది. ఇందులో గొప్పేం లేదు, ఎవరైనా కొడతారు."

"అంతదూరం మేకు కనిపించిందా బాబాయ్?" అన్నాడు డ్రైవరు.

"కనిపించదు. అందుకే ముందు దానికి ఒకటి కొట్టి గుర్తు పెట్టుకున్నాను. తర్వాత ట్రిగ్గర్. గట్టిగా ఉంది, వేలు నొప్పెట్టేలా. కొత్తది తెచ్చి, అరగదీసి, అరగదీసి, నూనె పట్టించి... ఆ తర్వాత ఏమైందో తెలుసా? వేలుతో పనే లేదు, మాట చాలు. దాన్ని బల్ల మీద పెట్టి అన్నం తింటున్నాను, మీ అత్తగారు లోపల్నించి 'ఏమండీ, కొట్టుదాకా వెళ్ళొస్తారా' అంది. 'కొట్టు' అని వినపడిందో లేదో, ఠప్పున పేలింది. గోడ గడియారం ఆకుపచ్చ. ఆ రోజునుంచి మా ఇంట్లో ఆ మాట బంద్. షాపు అంటున్నాం."

"మొన్న పిన్ని నన్ను గుండీల కొట్టు ఎక్కడని అడిగిందే?" అన్నాను.

"వీధిలో అడిగింది. వీధిలో అనొచ్చు. ఇంక ఒత్తిడి సరిచేసే రెగ్యులేటర్. కంపెనీది పీకేసి, మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ కంప్రెసర్‌ది వేశాను. లోపల బోల్టు తేలికది వేశాను. స్ప్రింగేమో లారీది... లారీది అంటే మీరు నమ్మరు, వ్యానుది. ఎదురుమేడ నీళ్ళ ట్యాంకుకి గురిపెట్టి ఒకటి వదిలాను. చప్పుడు లేదు. రంగు లేదు. తప్పిందేమో అనుకుని కిందికి దిగి, కాళ్ళు కడుక్కుని, టీ తాగుతుంటే అప్పుడొచ్చింది చప్పుడు. రంగు ఇంకా వెనకాల వచ్చింది. ఆ స్పీడు అందుకోవద్దూ? దాని తప్పేముంది?"

"అలాగాండీ మామయ్యగారూ," అన్నాడు అల్లుడు వినయంగా. "లీకు పోయిందాండీ?"

"లీకా! చిన్న విషయం. గాలి అంత జోరుగా బయటికొస్తే చల్లబడుతుందని నాకు తెలియనిదా? తుపాకీ మంచుకట్టింది. వీధివీధంతా చలి. ఫ్రిజ్ రిపేరుకిచ్చినవాళ్ళే వచ్చి, 'వద్దులెండి, దాని పక్కన పాలగిన్నె పెట్టుకుంటాం' అన్నారు. మలుపులో మూడంతస్తుల మేడ ఉందా? ఈ కుర్చీలోంచి లేవకుండా రెండు కోటింగులు వేశాను. కిటికీ అద్దం మీద చుక్క పడితే ఒట్టు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రంగులేసే మేస్త్రీలంతా వచ్చి, 'అయ్యా, మా పొట్ట కొట్టకండి' అన్నారు. ఆ మాట అనొచ్చా? మళ్ళీ పేలింది. ఒకాయన పొట్ట ఎరుపు."

"ఆ మేడ ఎప్పట్లా తెల్లగానే ఉందిగా బాబాయ్?" అన్నాడు డ్రైవరు.

"తెల్లరంగేగా వేసింది. సరే, అక్కడితో ఆగొచ్చు. ఆగానా? రెగ్యులేటర్ ఇంకొక్క చుట్టు తిప్పి, కొండవైపు గురిపెట్టి నొక్కాను. గోళీ కదల్లేదు. తుపాకీ వెళ్ళిపోయింది. వెనక్కి. పిట్టగోడ దాటి, సెల్ టవర్ దాటి, కనుచూపు దాటి." జేబులోంచి నీలం గోళీ తీసి అల్లుడి అరచేతిలో పెట్టాడు. "ఇది మిగిలింది. దాచుకోండి. తుపాకీ ఈపాటికి ఏ దేశంలో ఉందో."

అల్లుడు ఆ గోళీ వంకే చూస్తూ, "రేపు నన్నే ముందు నిలబెట్టారండీ," అన్నాడు మెల్లిగా.

బాబాయి ఖాళీ గ్లాసు ఎత్తి తాగాడు.

అప్పటిదాకా గుమ్మంలో నిలబడి అంతా వింటున్న పిన్ని లోపలికెళ్ళి, పిండి జల్లెడ తెచ్చి అల్లుడి ముందు పెట్టింది. "ఆ దేశం మన వంటిల్లేనండీ. ఇది ఖాళీ చేసిపెడితే నా పని చూసుకుంటాను."

జల్లెడ నిండా తుపాకీయే. బ్యారెల్, బోల్టు, ట్రిగ్గర్, మరలు, రబ్బరు రింగులు. అన్నీ కంపెనీవే. కొత్తది ఒక్కటీ లేదు.

"విప్పడం వచ్చింది బాబూ, బిగించడం రావట్లేదు," అంది పిన్ని. "దీని దిగులుతో మీ మామగారికి నిద్ర కూడా లేదు."

బాబాయి జల్లెడలోంచి స్ప్రింగొకటి తీసి, ఎక్కడ పెట్టాలో తెలిసినట్టే రెండు వేళ్ళ మధ్య నొక్కాడు. అది టింగుమని ఎగిరి, గోడ దాటి వీధిలో పడింది.

అందరం అటు చూశాం.

"చూశారా అల్లుడుగారూ, స్పీడు?" అన్నాడు బాబాయి.

"చూశానండీ మామయ్యగారూ," అన్నాడు అల్లుడు చెప్పులేసుకుంటూ. "రండి, వెతుకుదాం."