ఏడో నంబరు పలికిన గొంతు

నా పేరు, తండ్రి పేరు, ఇంటి చిరునామా పైన రాసుకున్నారు. పిల్లలు నన్ను హారన్ బాబాయ్ అంటారు. వయసు యాభై రెండు. వృత్తి వ్యాను డ్రైవరు. ఇరవై ఏడేళ్లుగా బండి నడుపుతున్నాను, ఇంతవరకు ఒక కుక్కపిల్లకు కూడా దెబ్బ తగలనివ్వలేదు. ఈ రోజు శనివారం సాయంత్రం ఐదున్నరకు స్టేషనులో సబ్‌ఇన్‌స్పెక్టరు గారి ముందు కూర్చుని నా అంతట నేనే ఇది చెబుతున్నాను. నన్ను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అయినా భయంగా ఉంది. భయంగా ఉందని కూడా రాయమన్నాను. రాస్తున్నారు.

ఎనిమిది నెలలుగా జపనీస్ తరగతుల పిల్లలను తీసుకెళ్లి తీసుకొస్తున్నాను. అవి మామూలు తరగతులు కావు. బడులన్నిటిలో పరీక్ష పెట్టి, ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా బాగా తెలివైన పిల్లలను ఏరి, మూడేళ్లలో రావలసిన భాషను ఏడాదిలో నేర్పిస్తారు. ఒకరు తాడిని తన్నేవారైతే ఇంకొకరు వాళ్ల తల దన్నేవారు. శనివారం ఉదయం ఎనిమిది నుంచి ఒంటిగంట వరకు తరగతి. నాలుగంతస్తుల భవనంలో పై అంతస్తు గది. నా వ్యానులో పదకొండు మంది.

వాళ్లు వ్యానులో కూడా ఇంటి భాష మాట్లాడకూడదు. మాట్లాడితే ఒకటో నంబరు అబ్బాయి చిన్న పుస్తకంలో పేరు పక్కన గీత గీస్తాడు. అతను పదో తరగతి, లీడరు. ఒంటిగంటా ఐదు నిమిషాలకు వ్యానులో లేకపోయినా గీతే. నెలలో మూడు గీతలు పడితే ఈ తరగతి నుంచి తీసేసి మామూలు తరగతికి పంపిస్తారు. ఆ పిల్లలకు అంతకు మించిన తలవంపు లేదు. ఆలస్యానికి గీత పెట్టించింది నేనే. ఒంటిగంటా ఇరవైకి రైల్వే గేటు పడుతుంది, పిల్లలు కబుర్లాడుతూ దిగుతున్నారు అని ఈ తరగతులు నడిపే కోఆర్డినేటరు గారికి ఫిర్యాదు చేశాను. ఇది మీరు అడగలేదు, అయినా చెబుతున్నాను.

తలుపు వేసే ముందు పిల్లలు వరసగా తమ నంబర్లు జపనీసులో పలకాలి. ఇచి, ని, సన్ అంటూ పదకొండు దాకా. వారం వారం వినీ వినీ నాకూ వచ్చేసింది. ఏడును నానా అంటారు. పొద్దున బండి ఎక్కే ముందు తొమ్మిదో నంబరు పాప, "అందుకే బాబాయ్, మా ఏడుతో నీకు నానా తిప్పలు," అని నన్ను ఆటపట్టించేది. బండి కదిలాక పిల్లలు నా ముందున్న అద్దంలో కనపడేలా వేళ్లు చూపించేవారు. ఆ అంకె నేను జపనీసులో చెప్పాలి. సరిగ్గా చెబితే చప్పట్లు. మూడో ఎక్కం దగ్గర బడి మానేసినవాడిని, ఇలాంటి పిల్లలు నాకు చప్పట్లు కొడుతుంటే ఎంత సంతోషమో చెప్పలేను. ఇంటికెళ్లి మా ఆవిడ దగ్గర గొప్పలు పోయేవాడిని.

ఏడో నంబరు అమ్మాయికి పదమూడేళ్లు. ఉబ్బసం ఉంది. మెట్లు ఎక్కి దిగకూడదని డాక్టరు చీటీ ఉండడంతో ఆమె ఒక్కతే లిఫ్టులో దిగుతుంది. ఆమె బ్యాగు తొమ్మిదో పాప భుజాన వేసుకుని మెట్ల మీద తెస్తుంది. తొమ్మిదో పాపకు పన్నెండేళ్లు. ఇద్దరూ ఒకే ప్రాణంలా ఉంటారు. ఈ నెల ఇద్దరికీ చెరి రెండు గీతలు పడి ఉన్నాయి. ఏడుకు ఆలస్యం వల్ల, తొమ్మిదికి నోరు ఊరుకోక. ఏడో అమ్మాయి బ్యాగులో ఆయాసం వచ్చినప్పుడు నోట్లో కొట్టుకునే మందు పంపు ఉంటుంది. ఆ సంగతి నాకు ఈ రోజే తెలిసింది.

ఆ భవనానికి ఒక వాచ్‌మన్ ఉన్నాడు. మా వ్యాను గేటు దాటితే భవనం ఖాళీ అయినట్టే లెక్క. అతను మెయిన్ స్విచ్ దించేసి, షట్టరు లాగి తాళం వేసి, భోజనానికి వెళ్తాడు. మళ్లీ సోమవారం పొద్దున తెరవడమే.

ఈ రోజు ఒంటిగంటకు పిల్లలు దిగారు. ఒంటిగంటా ఐదుకు నేను హారన్ కొట్టి లెక్క మొదలుపెట్టమన్నాను. ఒకటి నుంచి ఆరు దాకా పలికారు. ఆరు తర్వాత చిన్న ఖాళీ వచ్చింది. ఆ తర్వాత ఏడు పలికింది. ఏడో అమ్మాయి కూర్చునేది నా వెనక సీటులో. ఆమెది సన్నని గొంతు. నేను విన్న ఏడు చివరి వరసలోంచి వచ్చింది. కాస్త జీరగా ఉంది. వెంటనే ఎనిమిది, దాని తర్వాత తొమ్మిది అదే జీర గొంతుతో వచ్చాయి. ఆ రెండూ ఒకే గొంతు. నాకు తెలిసింది సార్. తల తిప్పితే చాలు, నా వెనక సీటు కనపడుతుంది. నేను గడియారం చూశాను. పదకొండు నంబర్లూ వచ్చాయి కదా అనుకున్నాను. ఒంటిగంటా ఆరుకు బండి గేటు దాటింది.

తర్వాత, దారిలో తొమ్మిదో పాపా, ఆసుపత్రిలో టీచరమ్మా చెప్పగా తెలిసిందేమిటంటే, ఏడో అమ్మాయి పరీక్ష కాగితం టీచరమ్మకు ఇవ్వడం మరిచిపోయి వెనక్కి వెళ్లింది. "ఒక్క నిమిషంలో లిఫ్టులో వచ్చేస్తా, నా నంబరు నువ్వు చెప్పు," అని స్నేహితురాలికి చెప్పింది. ఒక్క నిమిషమే అనుకుంది తొమ్మిదో పాప. నేను వెంటనే బయలుదేరతానని అనుకోలేదు. టీచరమ్మ కాగితం తీసుకుని, అమ్మాయి లిఫ్టు ఎక్కడం చూసి, మెట్లు దిగి వెనక గేటు నుంచి తన స్కూటరు మీద వెళ్లిపోయింది. అదే నిమిషంలో వాచ్‌మన్ స్విచ్ దించాడు.

మలుపు తిరగగానే తొమ్మిదో పాప జపనీసులో ఏదో అంది. మళ్లీ అంది. పిల్లల గోలలో ఎవరూ పట్టించుకోలేదు. నాకు అంకెలు తప్ప ఆ భాషలో ఇంకో ముక్క రాదు. అద్దంలో చూశాను. రెండు చేతులూ పైకెత్తి ఉంది. ఒక చేతిలో ఐదు వేళ్లు, రెండో చేతిలో రెండు. నేను గట్టిగా "నానా!" అన్నాను. పిల్లలందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. ఆ పాప నవ్వలేదు. చేతులు దించలేదు. "అదైపోయిందిగా అమ్మా, ఇంకో అంకె చూపించు," అన్నాను. ఆ పిల్ల మళ్లీ ఏడే చూపించింది. "ఇవాళ నీకు ఏడు దగ్గరే ఆగిపోయిందేంటమ్మా?" అని నవ్వాను. అవును సార్, నవ్వాను. అప్పటికి ఒంటిగంటా తొమ్మిది. అప్పుడు బండి తిప్పి ఉంటే మూడు నిమిషాల్లో ఆ భవనం దగ్గర ఉండేవాళ్లం.

ఒంటిగంటా పదిహేడుకు రైల్వే గేటు దాటాను. గేటుకు చిక్కలేదని మనసులో సంబరపడ్డాను. ఇరవై నాలుగుకు మొదటి స్టాపులో ఇద్దరు, ముప్పైకి రెండో స్టాపులో ఇద్దరు దిగారు. ముప్పై ఆరుకు మూడో స్టాపు. అది ఏడో అమ్మాయి స్టాపు. వాళ్ల అమ్మమ్మ గారు గొడుగు వేసుకుని నిలబడి ఉన్నారు. నేను తలుపు తీసి, "దిగమ్మా ఏడూ," అన్నాను. ఎవరూ దిగలేదు. అప్పుడు వెనక్కి తిరిగాను. సీటు మీద బ్యాగు ఉంది. అమ్మాయి లేదు.

చివరి వరసలో తొమ్మిదో పాప లేచి నిలబడింది. ఇంటి భాషలోనే చెప్పింది. "అది ఎక్కలేదు బాబాయ్. ఏడు నేనే చెప్పాను. లిఫ్టులో వస్తానంది." లీడరు అబ్బాయి అలవాటు కొద్దీ పుస్తకం తీసి గీత గీశాడు. గీసిన తర్వాత తనే ఏడ్చేశాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. లిఫ్టు అనగానే వాచ్‌మన్ స్విచ్ దించడం కళ్ల ముందు కనపడింది. అమ్మమ్మ గారు బండెక్కి బ్యాగు ఒళ్లో పెట్టుకున్నారు. పక్క అర చూసి, "బాబూ, దాని పంపు ఇందులోనే ఉంది. ఇది లేకపోతే దానికి ఊపిరాడదు," అన్నారు. మెల్లగానే అన్నారు. బండి తిప్పాను. వాచ్‌మన్‌కు ఫోను చేశాను, ఎత్తలేదు. మొత్తం పదకొండుసార్లు చేశాను.

ఒంటిగంటా నలభై నాలుగుకు రైల్వే గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు పడి ఉంది. గూడ్సు బండి. గేటుమన్ కాళ్లు పట్టుకోబోయాను. "రైలు నా చేతుల్లో ఉందా నాయనా?" అన్నాడతను. నడిచి పట్టాలు దాటి అవతల ఏదైనా బండి అడుగుదామనుకున్నాను. వ్యానులో ఇంకా ఆరుగురు పిల్లలున్నారు. వాళ్లను వదిలి పోవడానికి కాళ్లు రాలేదు. ఇప్పుడనిపిస్తోంది, అమ్మమ్మ గారికి అప్పజెప్పి పరిగెత్తి ఉండాల్సింది. ఒంటిగంటా యాభై ఒకటికి కోఆర్డినేటరు గారు ఫోను ఎత్తారు. "వాళ్ల నాన్నతో వెళ్లి ఉంటుందయ్యా, ఊరికే కంగారుపడి నలుగురికీ చాటకు," అని పెట్టేశారు. అమ్మమ్మ గారు బండిలో కూర్చుని కూడా గొడుగు ముడవలేదు. ఆ గొడుగు కింద నుంచి, "కొంచెం తొందరగా బాబూ, కొంచెం తొందరగా," అంటూనే ఉన్నారు. బండి ఆగే ఉంది.

యాభై తొమ్మిదికి గేటు లేచింది. రెండూ పదకొండుకు భవనం ముందు ఆగాను. షట్టరుకు తాళం. మళ్లీ ఫోను చేస్తే వాచ్‌మన్ ఫోను షట్టరు అవతలే మోగింది. ఫోను కట్ చేసి షట్టరుకు చెవి ఆనించాను. అవతల ఇంకేమీ వినపడలేదు. పేరు పెట్టి పిలిచాను. అమ్మమ్మ గారు పిలిచారు. పిల్లలందరూ పిలిచారు. తొమ్మిదో పాప పిలవలేదు, షట్టరును రెండు చేతులా కొడుతూ ఉంది.

వీధి చివర వాచ్‌మన్ దొరికాడు. రెండూ ఇరవైకి తాళం తీశాడు. రెండూ ఇరవై ఒకటికి స్విచ్ ఎత్తాడు. అంతే సార్, ఇంకేమీ చేయక్కర్లేకపోయింది. లిఫ్టు దానంతట అదే కదిలింది. పైన అంకె మూడు చూపించింది, రెండు చూపించింది, ఒకటి చూపించింది. తలుపు తెరుచుకుంది. లోపల లైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది. అమ్మాయి తలుపుకు ఆనుకుని ఉన్నట్టుంది, తలుపు తీసుకోగానే మా వైపు ఒరిగిపోయింది. పెదవులు నీలంగా ఉన్నాయి. కుడి కాలి బూటు చేతిలో ఉంది. తలుపు లోపలి వైపు నిండా బూటు మడమ గుర్తులు. అమ్మమ్మ గారు పంపు నోట్లో పెట్టి కొట్టారు. దాన్ని పీల్చుకునే ఊపిరి ఆ పిల్లలో లేదు. నాడి మాత్రం కొట్టుకుంటోంది. రెండూ ముప్పై రెండుకు ఆసుపత్రిలో చేర్చాను. ఊపిరికి యంత్రం పెట్టారు. రేపు ఉదయం దాకా ఏమీ చెప్పలేమన్నారు. నాలుగున్నర వరకు ఇదే మాట, తర్వాత నన్ను ఇక్కడికి తీసుకొచ్చారు. ఇప్పుడెలా ఉందో నాకు తెలియదు. మీకు తెలిస్తే దయచేసి చెప్పండి.

ఆసుపత్రిలో నాలుగుంబావుకు కోఆర్డినేటరు గారు నన్ను మెట్ల కిందికి పిలిచారు. "నీకు ఆ భాష రాదు. పిల్లలు ఏమన్నారో నీకేం తెలుసు? లెక్క చెప్పింది పిల్లలు, తప్పు చెప్పింది ఆ తొమ్మిదో పిల్ల. ఇంతే చెప్పు. నీకూ మంచిది, మాకూ మంచిది," అన్నారు. నేను తలూపాను. భయంతో ఊపాను. జైలంటే నాకు భయం. లైసెన్సు పోతే ఇంకో పని రాదు. ఇక్కడికి వచ్చే దారంతా ఆ మాటలే వల్లె వేసుకున్నాను.

కానీ స్టేషను వరండాలో తొమ్మిదో పాప వాళ్ల నాన్న పక్కన బెంచీ మీద కూర్చుని ఉంది. లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పటి నుంచి ఆ పిల్ల ఏ భాషలోనూ నోరు తెరవలేదట. మంచినీళ్లు ఇస్తే తాగలేదట. తిలాపాపం తలా పిడికెడు అంటారు. టీచరమ్మకు ఉంది, వాచ్‌మన్‌కు ఉంది, గీతలు పెట్టినవాళ్లకు ఉంది. ఆ పాపమంతా పన్నెండేళ్ల పిల్ల చేతిలో పెట్టడానికి నాకు మనసొప్పలేదు. అందుకే కోఆర్డినేటరు గారు చెప్పమన్నది చెప్పడం లేదు. నాకు ఆ భాషలో పదకొండు దాకా వచ్చు. గొంతు మారిందని నాకు తెలుసు. వేళ్లు చూశాను. ఆ పాప నాకు చెప్పింది, నేనే వినలేదు.

రాసింది చదివి వినిపిస్తామని సబ్‌ఇన్‌స్పెక్టరు గారు అన్నారు. గది తలుపు తీసి, వరండాలోకి వినపడేలా గట్టిగా చదవమని అడిగాను. ముందు ఒప్పుకోలేదు. తర్వాత ఆయనే లేచి తలుపు తీశారు. మొదటి నుంచి చివరి దాకా చదివారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది, ఇందులో కలిపింది గానీ తీసేసింది గానీ లేదు. ఆ పాప నాకు చెప్పింది, నేనే వినలేదు అన్న చోట ఇంకోసారి చదవమని అడిగాను. చదివారు.

(సంతకం)
వ్యాను డ్రైవరు
శనివారం, సాయంత్రం 6 గంటల 50 నిమిషాలు