ఆదెమ్మ తేర్చిన నీళ్లు

ఆదెమ్మని ఒకావిడండి, గోదారి లంకలో ఉండేది. డెబ్బై దాటినా చెయ్యి చురుకే. ఏటినీళ్లు తెచ్చి, చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపిందంటే, పూట తిరిగేసరికి మట్టంతా అడుక్కి దిగిపోయి పైన నీళ్లు అద్దంలా ఉండేయంట. ఆ నీళ్లు తాగితే ఇంక కొబ్బరినీళ్లు కూడా ఆనవని ఆవిడ మొగుడు చిట్టెబ్బాయి ఊరంతా చెప్పుకునేవోడు. సరే, ఆ యేడు ఏమైందంటే, ఎండలు మండిపోయి మండిపోయి, ఉన్నట్టుండి వరదొచ్చి పడిందండి. మామూలు వరదనుకున్నారా, పాకల్లోకి, పెంటకుప్పల్లోకి, దొడ్లలోకి, అన్నిట్లోకీ దూరిపోయింది. వరద తీశాక ఆదెమ్మ ఎప్పట్లాగే బిందె ముంచుకొచ్చింది, గింజ అరగదీసింది, తేర్చింది. అద్దంలానే ఉన్నాయి మరి. ఎవరికి అనుమానం వస్తది చెప్పండి?

మూడోనాటికి ఊళ్లో కడుపులు కదిలిపోయాయి. కుర్రాళ్లు ఓ పూట పొట్ట పట్టుకుని లేచి తిరిగేశారు. ముసలోళ్లే మంచం పట్టారు. ఆదెమ్మ ఎలాగో తట్టుకుంది గానీ చిట్టెబ్బాయికి వాంతులు, విరోచనాలు, కళ్లు లోపలికి పోయాయి, నాలిక పిడచకట్టుకుపోయింది. పడవమీద నర్సమ్మొచ్చి చెయ్యి చూసి, మామ్మా, వయసుమళ్లిన ఒళ్లు, నీరు పోతే తట్టుకోలేదు, ఈ పొట్లంలో పొడి కాచి చల్లార్చిన నీళ్లల్లో కలిపి పట్టు, నీళ్లు తేరితే మట్టే పోద్ది గానీ రోగం పోదు అందంట. ఆదెమ్మ, అంటే నా చేతుల్తో నేనే పోశానా అని కుమిలిపోయింది పాపం. వెంటనే పొయ్యి వెలిగించి నీళ్లు మరగబెట్టి, చల్లార్చి పొడి కలిపింది. ఈయన తాగితేనా! కాచిన నీళ్లు బాలింతలు తాగుతారే, నేనేమన్నా పురుడు పోసుకున్నానా అని మొహం తిప్పేసి, ఆ తేర్చినయ్యే ఇమ్మంటాడు. బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. ఊహూఁ. నర్సమ్మ పడవ అవతలి లంకకి వెళ్లిపోయింది, ఈయనకా మాట సన్నబడిపోతంది.

అప్పుడేం చేసిందంటే, బిందెలోంచి ఆ తేర్చిన నీళ్లు రెండు గ్లాసులు ముంచిందండి. ఒకటి మంచం పక్కన పెట్టి, రెండోది తన నోటి దగ్గరికెత్తింది. “సరే మావా, ఇయ్యే తాగుదాం. నీకెన్నో నాకూ అన్నే. నువ్వెళ్లిపోయి నేనుండి ఏం చేసుకోను?” అంది. చిట్టెబ్బాయికి అంత నీరసంలోనూ ఎక్కణ్ణించొచ్చిందో ఓపిక, ఆవిడ చేతిలో గ్లాసు తోసేశాడు. నీళ్లన్నీ నేలపాలు. “ఆ బాలింత నీళ్లే పట్టుకురా” అన్నాడు.

చెంచాడు చెంచాడు చొప్పున పొద్దుగూకేదాకా పట్టింది. మర్నాటికి కళ్లల్లో కళొచ్చింది, ఆ మర్నాటికి గంజి అడిగేడు. ఇప్పుడెవరన్నా ఆ ఇంటికెళ్లండి, మిట్టమధ్యాన్నం ఎండలో వెళ్లినా పొయ్యిమీంచి దింపిన నీళ్లే ఇస్తాడు. అవి చల్లారేదాకా కూర్చోబెట్టి వాళ్లావిడ గురించి చెప్తాడు. నీళ్లు చల్లారతాయి గానీ ఆయన చెప్పడం అవ్వదు, పనున్నోళ్లు వెళ్లకండి.