పళ్లెంలోంచి తీసేసినవి

వంటింట్లో సింకు కింద ప్లంబరు వెల్లకిలా పడుకుని పైపు విప్పుతున్నాడు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని అక్క, గుమ్మంలో తమ్ముడు. అతనికి గుండె ఆపరేషనయి ఏడాది. అప్పట్నుంచీ ఆవిడ ఇక్కడే ఉండి వండిపెడుతోంది.

“ఛీ ఛీ ఛీ! ఏంటయ్యా అది? చచ్చిన ఎలకేనా?”

“ఎలకయితే నయమే పెద్దమ్మా. కొవ్వు. గడ్డకట్టుకుపోయింది. చూడండి, నానిన సబ్బుబిళ్లలా ఎలా జారుతోందో.”

“నా మొహాన పెట్టకు! దూరం, దూరం! అబ్బ, ఏం కంపు తండ్రీ!”

“ఇంకా ఉంది. ఆ బకెట్టు ఇలా తొయ్యండి మాస్టారూ.”

“మా ఇంట్లో కొవ్వేంటయ్యా? ఏడాదై ఈ పొయ్యి మీద గరిటెడు నూనె కాగలేదు. పైవాటా వాళ్లదయ్యుంటుంది. పొద్దస్తమానం చుయ్యి చుయ్యిమంటూ వేపుళ్లే వాళ్లకి.”

“పైవాళ్ల పైపు వేరు పెద్దమ్మా. ఇది మీ సింకుదే. మాస్టారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేనే కదా కొత్తది బిగించింది? ఇదంతా ఆ తర్వాత పేరుకున్నదే.”

“...ఒరేయ్.”

“నన్ను చూస్తావేంటక్కా?”

“మరెవర్ని చూడమంటావ్? ఇంట్లో ఉన్నది ఇద్దరం. నేను మేడ మీద బట్టలు ఆరేసి వచ్చేలోగా నువ్వు మూకుడు పెడుతున్నావన్నమాట.”

“నాకు స్టవ్వు వెలిగించడమే రాదు.”

“సిగరెట్టు వెలిగించడం వచ్చిందిగా! గీజరు వెనక పెట్టె దొరికినప్పుడూ ఇదే మొహం. ఏమీ ఎరగనట్టు.”

“అదెప్పటి మాటో. మానేశాను కదా.”

“ఏం మానేశావు? డాక్టరు ముందు కూచుని బుద్ధిగా తలాడించొచ్చావు. రక్తనాళంలో పేరుకున్నదాన్ని బొమ్మలో చూపించాడే, గుర్తుందా? ఇదిగో, బకెట్లోకి తొంగి చూడు. థూ! నీ లోపల ఉన్నది ఇదేరా.”

“అరవకక్కా. మళ్లీ నీ పన్ను సలుపుతుంది.”

“సలపనీ! నాన్న అన్నం ముందు కూచున్నవాడు కూచున్నట్టే ఒరిగిపోయాడు. పెద్దన్నయ్య బస్సులో. మీ బావ మంచినీళ్లడిగాడు. తెచ్చేసరికి లేడు, గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది. ముగ్గుర్ని సాగనంపాను. నాలుగోసారి నావల్ల కాదురా. నువ్వేమో దొంగచాటుగా వేపుకుతింటున్నావు.”

“పోనీ, నేనే అనుకో. వదిలెయ్.”

“అనుకోవడమేంటి?”

“అనుకో, అంతే. అబ్బాయ్, తొందరగా బిగించెయ్.”

“ఆగండి మాస్టారూ, ఇందులో ముక్కలేవో తగులుతున్నాయి. కోడి చర్మంలా ఉంది. మాడి నల్లగా అయిపోయి.”

“చర్మమా?”

“అవును పెద్దమ్మా. చూస్తారా?”

“వద్దు. నేను చర్మం వలిచే కదా వీడికి వండేది! మీగడ తీసేసి పాలు. పచ్చసొన తీసేసి గుడ్డు. ఉప్పు ఉందా లేదా అన్నట్టు. ఎవర్నడిగినా చెప్తారు.”

“తీసినవన్నీ ఏం చేస్తావక్కా?”

“ఏం చేస్తాను? చెత్తబుట్టలో వేస్తాను.”

“చెత్తబుట్ట రోజూ కిందకి మోసేది నేను. నాలుగడుగులు కలిసొస్తాయని నువ్వే అప్పజెప్పావు. అందులో ఒక్క పచ్చసొన కనపడలేదు ఇంతవరకు.”

“చెత్త కెలుకుతావా నువ్వు? అసహ్యం!”

“అసహ్యం నాకు వేస్తోంది. చెప్పు, నా పళ్లెంలోంచి తీసిందంతా ఎటు పోయింది?”

“...కొన్నవి పారేస్తామా? నాకు చేతులు రావు. మూకుట్లో వేస్తే దాని కొవ్వులో అదే వేగుతుంది. మిగిలింది సింకులో ఒంపేస్తాను. నూనె మాత్రం చుక్క వెయ్యలేదురా, ఒట్టు.”

“దాని మీద ఇంత ఉప్పు జల్లుకుని, అన్నంలో మీగడ కలుపుకుని... ఛీ! ఏడాది పాటు! నాకు విషమని తీసి నువ్వు మింగావా?”

“నాకేంరా? పుల్లలా ఉంటాను. సిగరెట్టు తాగానా, చుట్ట కాల్చానా? ఈ గుండెజబ్బులు మగాళ్లకొస్తాయి. మనింట్లో చూడలేదూ?”

“బీపీ మిషను పొద్దున్నే నా చేతికి కడతావు. ఒక్కసారైనా నీ చేతికి కట్టుకున్నావా?”

“నాకెందుకు?”

“నాన్న నాకొక్కడికేనా నాన్న? మొన్న సగం మెట్ల మీద ఎందుకు కూలబడ్డావు?”

“గ్యాసన్నాను కదా.”

“మరి ఇప్పుడా చెమటలేంటి?”

“ఈ కంపుకి పట్టాయి. వికారంగా ఉంది. మాట నా మీదకి తిప్పకు, గొడవ నీ గురించి.”

“దవడ మీంచి చెయ్యి తియ్యి.”

“పన్నని చెప్పానా! పొద్దుట్నుంచి. ఎడమ పక్క, ఇదిగో, కింద. భుజం దాకా పోటు. ఉప్పునీళ్లు పుక్కిలిస్తే పోతుంది.”

“అబ్బాయ్, ఆ పైపు అలా వదిలెయ్. నీ వ్యాను కిందే ఉందా?”

“ఉంది మాస్టారూ. చేతులు కడుక్కుని...”

“కడుక్కోకు. పద.”

“ఎక్కడికిరా? వంటిల్లంతా ఇలా రొచ్చులో వదిలేసి? పన్ను నొప్పికి ఎవరైనా ఆసుపత్రికి పరిగెడతారా?”

“ఆ పక్క నీ పళ్లన్నీ దగ్గరుండి పీకించింది నేనే కదక్కా.”