మైకులో సుంకప్ప

యాబ్సెంటని గీత కొట్టేస్తే ఎట్ల సార్? మా పాప యాడికీ పోలేదు. అదో, ఆ ఇసక గుంత కాడనే దూకుతాన్నింది, ఆడికి మైకు సరిగ్గా ఇనపడదు. కావాలంటే ఆడ టేపు పట్టుకున్న సార్‌ను అడగండి.

ఒక్క మనిషి సార్, మూడు పోటీలు! పొద్దున నాలుగు వందల మీటర్లు పరిగెత్తె. ఆపైన లాంగ్‌జంపు. ఇంగ మిగిలింది ఎనిమిది వందలు. దాంట్లోనే మా పాప శానా గట్టి. దాంట్లో గెలిస్తేనే స్టేటుకు పోయేది. ఆదోని పక్కనుంచి కడప దాకా దానికోసమే వస్తిమి.

మైకులో మూడుసార్లు పిల్సినారా? పిల్సినారు, కాదన్ను. ఏమని పిల్సినారు? "సుంకప్ప, వెంటనే టేబుల్ కాడికి రావాల" అని! సుంకప్పంటే నేను కదా సార్. ఆధార్‌లో ఇంటిపేరు రాసే కాడ నా పేరు ఎక్కించినారు, సుంకప్ప శివాని అని. మీవోళ్లు ముందరి మాట చదివి వదిలేస్తిరి. శివాని అనేకి నోరు రాలేదా?

అయ్యో, లేయొద్దండి సార్. కోపంతో అన్లేదు. మీ కాళ్లు పట్టుకుంటా.

ఆఁ? నేనెందుకు రాలేదంటారా?

ఏం చెప్పేది సార్. అంతకుముందే పాపకు మజ్జిగిద్దామని తాడు దాటి లోపలికి పోతి. ఎర్రచొక్కా సార్ ఒకాయన నా పేరడిగి, "మళ్లా వచ్చినావంటే నీ బిడ్డను పోటీల్లోంచి తీసేస్తాం" అని అరిసె. ఆ ఎనకనే మైకులో నా పేరు! పాపను తీసేసేకే పిలుస్తాండారు! నేను కనపడకుంటే పాపకేం కాదులే అనుకుంటి. గేటు బయట చెరకురసం బండి ఎనక కూర్చుంటి. మూడుసార్లూ వింటి సార్. మూడోసారి తలమీద టవలు కప్పుకుంటి.

తిడితే తిట్టనీలే అని ఈడికి వచ్చింటే సరిపోయేది. అంత ధైర్యం యాడిది నాకు?

పరుగు అయిపాయ, మళ్లా పెట్టరు. నాకూ తెలుసు. ఊరుకోలేక అడుగుతాండా.

ఇందాక పాప అడిగె సార్. "నాయనా, నువ్వు గేటు కాడనే ఉంటివి కదా, నన్ను పిల్సినారా?" అని. లేదమ్మా, మైకే పలకలేదంటి.

అదో, మిమ్మల్ని అడగనీకె వస్తాండాది. మీరు గూడా అట్లనే చెప్తారా సార్?