పొతియొలీ రేవులో నీళ్లు

1986 జూలై, టెక్సస్‌లోని ఇర్వింగ్. గోడకి తెల్ల దుప్పటి కట్టి, ప్రొజెక్టర్ పెట్టుకుని, రేపు తెలుగు చర్చిలో చెప్పాల్సిన ఇటలీ యాత్ర సాక్ష్యాన్ని దేవకుమార్ ఒకసారి అప్పజెప్పుకుందామనుకున్నాడు. కానీ తనని అమెరికా రప్పించిన ఆయిల్ కంపెనీలోనే జియాలజిస్టుగా పెద్ద హోదాలో ఉన్న దైవాశీర్వాదం, అంటే భార్య లూసీకి సొంత అన్నయ్య, పిలవకుండానే వచ్చి సోఫాలో కూర్చున్నాడు. ఇక ప్రశాంతత ఎక్కడిది!

"ఆగు. వెనక్కి తిప్పు."

"ఏ స్లయిడ్, బావా?"

"ఆ మూడు స్తంభాలది. తిప్పమన్నానా!"

"ఇదిగో. బైబిల్లో పొతియొలీ, ఇప్పుడు పొజ్జువోలి అంటున్నారు. ఇటలీలో పౌలు ఓడ దిగిన ఊరు. ఇది ఆ కాలం నాటి అంగడి. స్తంభాల మీద ఆ చిల్లులు చూశారా, సముద్రపు గుల్లలు తొలిచినవి. అంటే ఒకప్పుడు..."

"ఆ పాఠం నాకు చెప్పకు. ఆ ఊరు మునుగుతుంది, తేలుతుంది, కాలేజీలోనే చదివాను. ఎవరు తీశారీ ఫొటో?"

"నేనే."

"ఎప్పుడు?"

"మొన్న జూన్‌లో, టూర్‌కి వెళ్లినప్పుడు. లూసీయే ఎయిర్‌పోర్ట్‌లో డ్రాప్ చేసింది కదా."

"జూన్‌లో. నీ కెమెరాతో."

"అబ్బా, నాదే అంటున్నాగా!"

"అయితే కింద ఆ నీళ్లెక్కడివి?"

"నీళ్లా?"

"నీళ్లే. నాలుగేళ్ల కిందట ఆ నేల లేవడం మొదలెట్టింది. మనిషి నిలువెత్తు లేచింది. రేవులో పడవలు బురదలో కూర్చున్నాయి, జనం ఇళ్లొదిలి పోయారు. ఆ స్తంభాల కింద ఇప్పుడు పొడి నేల."

"వర్షం... వర్షం పడింది, బావా."

"ఏ సంవత్సరంలో?"

"నా మొహం చూసి చెప్పండి. అబద్ధాలాడేవాడిలా ఉన్నానా?"

"మొహాలు చూడను నేను. మేలో మన కంపెనీలో నలభై మందిని లేఆఫ్ చెయ్యమంటే, పేర్లొద్దు, ఉద్యోగుల నంబర్లే పంపండి అన్నాను. మొహం గుర్తొస్తే చెయ్యి ఆడదు. ఇదిగో, ఈ ఆకుపచ్చ పెన్నుతో టిక్కులు పెట్టి పంపేశాను. ఇప్పుడూ అంతే. స్లయిడే చూస్తా."

"చూడండి, బాగా చూడండి."

"చూస్తున్నా. తర్వాతిది తిప్పు. ఆ అగ్నిపర్వతం బిలంలోకి దిగానన్నావే, సొల్ఫతారా. ఎలా ఉంది?"

"పొగలు. నేలంతా తెల్లగా..."

"అది నాకూ కనపడుతోంది. వాసన?"

"వాసనా? చల్లగా... సముద్రపు గాలి."

"గంధకమయ్యా! కుళ్లిన గుడ్ల కంపు! ముక్కున్నవాడెవడూ మర్చిపోడు. ఎక్కడివి ఈ స్లయిడ్‌లు?"

"అరవకండి. కిచెన్‌లో లూసీ వింటుంది."

"విననీ. ఎక్కడివి?"

"...లైబ్రరీవి. పాతవి."

"అన్నయ్యా! రేవు స్లయిడ్ వచ్చిందా? నేనొచ్చేదాకా ఆపమను, ఈ వాయి పకోడీలు తీసేసి వస్తున్నా!"

"ఇంకా రాలేదు లూసీ! ... విన్నావా? మా ఆయన పౌలు దిగిన రేవులో నడిచొచ్చాడని అందరికీ ఫోన్లు చేసింది పిచ్చిది. రేపు పల్పిట్ ఎక్కి, దేవుడి సన్నిధిలో అబద్ధ సాక్ష్యం చెప్తావా? ఆ పది రోజులూ ఎక్కడున్నావు?"

"వదిలెయ్యండి, బావా."

"ఎవతె అది?"

"ఛీ! ఏం మాటలవి!"

"ఎవతె అని అడుగుతున్నా."

"ఎవరూ లేరు. సియాటిల్ వెళ్లాను. ఆ పక్కనే బాతెల్ అనే ఊళ్లో ఉన్నాను."

"బాతెల్‌లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరంటున్నాగా! ఇంటర్వ్యూలు."

"లక్షణంగా ఉద్యోగం పెట్టుకుని ఇంటర్వ్యూలేంటి? ఇంకో అబద్ధం! లూసీ రాగానే నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"చెప్పండి. మొత్తం చెప్పండి. మే నెల నుంచి రోజూ టై కట్టుకుని వెళ్లి మాల్ పార్కింగ్‌లో కూర్చుంటున్నానని కూడా చెప్పండి."

"ఏంటీ?"

"వీసా కంపెనీది. లూసీకి ఐదో నెల. ఏ నోటితో చెప్పమంటారు?"

"నిన్ను... నిన్ను తీసేశారా? నాతో అనొద్దూ? అదే కంపెనీలో నేనుండగా! మీ డౌన్‌టౌన్ ఆఫీస్‌లో ఒక్క మాట చెప్పేవాణ్ని కదా!"

"మీతోనా?"

"నాతో కాక ఎవరితో? మ్యాప్‌లు గీయడంలో నీ అంత పనిమంతుడు ఎవడున్నాడు మీ సెక్షన్‌లో? నా చెల్లెలి కాపురంతో ఆడుకుంటాడా? ఎవడు వాడు? పేరు చెప్పు, సోమవారం పొద్దున్నే వాడి సంగతి తేలుస్తా!"

"వద్దు బావా. ఇంక అడక్కండి."

"అడుగుతా! ఎవడు?"

"వచ్చేశా, వచ్చేశా! అన్నయ్యా, కొంచెం జరుగు. ఏంటి, ఇద్దరూ మొహాలలా పెట్టారు? ఎవడెవడని అరుస్తున్నావు? ఎవరి గురించి?"

"నువ్వుండు లూసీ. దేవా, దాని ముందే చెప్పు. ఎవడు?"

"నాలుగు, నాలుగు, ఒకటి, ఏడు. అది నా నంబరు, బావా. తీసేసిన రోజు ఆఫీస్ వాళ్లు ఆ కాగితం నాకు చూపించారు. పై నుంచి మూడోది, పక్కన ఆకుపచ్చ టిక్కు."