పడమటి దర్వాజ

కోదాడ పక్క పల్లెలో, వార్డు మెంబరుగా మూడోసారి ఓడిన మర్నాడు పొద్దున్నే, అతను గడ్డపార పట్టుకుని పడమటి గోడ ముందు నిలబడ్డాడు. వెనక మంచం మీద భార్య ఫోన్ చూస్తోంది.

"మొదటిసారి ఓడితే దర్వాజ ఉత్తరానికి పెట్టినవ్. రెండోసారి తూర్పుకు. ఇగ ఇప్పుడు పడమరకా? ఓట్లేసేది మనుషులయ్యా, దర్వాజ కాదు."

"వాస్తు పంతులు చెప్పిండు. నువ్వు జర ఊకో."

"బెల్జియం, నెదర్లాండ్స్ నడుమ ఒక ఊరున్నదంట. సరిహద్దు ఇండ్ల నడిమి నుంచే పోతదంట. దర్వాజ ఏ దేశంల ఉంటే ఇల్లు ఆ దేశానిదేనంట."

"గట్లనా!"

"దర్వాజ జరిపి దేశమే మార్చుకున్నోళ్లు ఉన్నరంట."

"సూసినవా? దర్వాజకు గంత బలముంటది! నువ్వేమో నన్ను సూసి నవ్వుతవ్."

"నవ్వుతలేను. కొట్టు, గట్టిగ కొట్టు."

అతను గడ్డపార ఎత్తాడు.

"పడమర దిక్కు మా మిర్యాలగూడ. దర్వాజ గటు పెడితే ఇది నా తల్లిగారిల్లు అయితది. నువ్వు ఇల్లరికం అల్లుడివి."

గడ్డపార గాల్లోనే ఆగింది.

"అయినా, ఓట్లేసేది మనుషులు గదనే," అంటూ అతను దాన్ని మెల్లగా గోడకు ఆనించాడు. "దర్వాజ ఏం జేస్తది?"